ఎమర్జెన్సీ డాక్టరు మెడికేర్ తీసుకుంటాడా?

మా పెదనాన్న తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అన్నయ్య గ్రీన్‌కార్డు తెప్పిస్తే పెద్దమ్మతో కలిసి న్యూజెర్సీ వచ్చి ఆరేళ్ళు దాటింది. అరవై ఐదేళ్ళు నిండి, గ్రీన్‌కార్డుతో వరసగా ఐదేళ్ళు ఇక్కడే ఉంటే మెడికేర్ కొనుక్కోవచ్చు. ఇక్కడ ఉద్యోగం చేసి పన్ను కట్టిన చరిత్ర లేదు కాబట్టి ప్రీమియం పూర్తిగా కట్టాలి. 2025 లెక్కన పార్ట్ ఏకి నెలకి 518 డాలర్లు, పార్ట్ బీకి 185 డాలర్లు. అన్నయ్య కడుతున్నాడు.

2025లో ఒకరోజు రాత్రి పదకొండింటికి అన్నయ్య ఫోన్ చేశాడు. పెదనాన్నకి గుండెల్లో బరువుగా ఉందిట, చెమటలు పడుతున్నాయిట. కానీ ఆస్పత్రికి రానంటున్నారు. "పొద్దున్నే మన డాక్టరు దగ్గరకే వెళ్దాం. ఆయన మెడికేర్ తీసుకుంటాడని తెలుసు. ఎమర్జెన్సీలో ఎవడుంటాడో, వాడు తీసుకుంటాడో లేదో!" ఇదీ ఆయన వాదన. అన్నయ్య స్నేహితుడొకడు ఇలాగే తన ఇన్సూరెన్సు చెల్లే ఆస్పత్రికే వెళ్ళాడు. అయినా ఎమర్జెన్సీ డాక్టరు దగ్గర్నుంచి విడిగా వేల డాలర్ల బిల్లొచ్చింది. ఆ కథ పెదనాన్న మనసులో పాతుకుపోయింది. ఫోన్ తీసుకుని, "ఒరేయ్ నాన్నా, నువ్వు కంప్యూటర్లో చూసి చెప్పరా, దగ్గర్లో మెడికేర్ తీసుకునే ఎమర్జెన్సీ డాక్టరు ఎవరున్నారో" అన్నారు.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. వెతికాను. మెడికేర్ వాళ్ళ సైట్లో, రెండు ఆస్పత్రుల సైట్లలో కలిపి నలభై నిమిషాలు. ఎమర్జెన్సీ మెడిసిన్ అని కొడితే పేర్లు బోలెడు వచ్చాయి. ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో మాత్రం ఎక్కడా లేదు. నేను ఇంకో ఫిల్టర్ పెట్టి చూస్తుంటే, అవతల పెద్దమ్మ "మీ ఇన్సూరెన్సు తగలెయ్య, ముందు మనిషిని చూడండిరా" అని అరిచి అన్నయ్య చేత 911కి ఫోన్ చేయించింది. స్టెంట్ వేశారు. పెదనాన్న ఇప్పుడు బాగున్నారు, రోజూ నడుస్తున్నారు.

కానీ ఆ నలభై నిమిషాలు నన్ను వదల్లేదు. తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, నేను వెతికిన ప్రశ్నకి అర్థమే లేదని. ఎందుకు లేదో తెలియాలంటే అరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. మనలో చాలామంది అమ్మానాన్నలు ఇక్కడికి వస్తూ పోతూ ఉంటారు, కొందరు ఉండిపోతున్నారు. అందుకని నాకర్థమైనంతలో రాస్తున్నాను.

1965 జులై 30న ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ అనే ఊరెళ్ళి మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టాడు. మాజీ ప్రెసిడెంట్ ట్రూమన్ ఊరది. తను ఉన్నప్పుడు అందరికీ ఆరోగ్య బీమా తేవాలని ప్రయత్నించి ఓడిపోయిన పెద్దాయన కదా, ఆయనకే మొదటి మెడికేర్ కార్డు ఇచ్చారు. 1966 జులై 1న పథకం మొదలైంది. అప్పుడు పార్ట్ బీ ప్రీమియం నెలకి మూడు డాలర్లు.

ఈ చట్టాన్ని ఆపడానికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ చెయ్యని ప్రయత్నం లేదు. 1961లో రోనాల్డ్ రీగన్ (అప్పటికింకా సినిమా, టీవీ నటుడే) చేత ప్రభుత్వ బీమాకి వ్యతిరేకంగా ఒక గ్రామఫోన్ రికార్డు చేయించి, డాక్టర్ల భార్యలు కాఫీ విందుల్లో వినిపించేలా ఏర్పాటు చేశారు. ఈ రీగన్ గారు తర్వాత మళ్ళీ వస్తారు, గుర్తుపెట్టుకోండి.

చట్టంలో రెండు భాగాలు పెట్టారు. ఆస్పత్రి ఖర్చుకి పార్ట్ ఏ, డాక్టరు ఫీజుకి పార్ట్ బీ. ఇక్కడే ఒక చిక్కొచ్చింది. కొందరు డాక్టర్లు ఆస్పత్రి లోపలే పనిచేస్తారు, రోగి వాళ్ళని ఎంచుకోడు. ఎక్స్‌రే చూసే రేడియాలజిస్టు, మత్తిచ్చే డాక్టరు, రక్తపరీక్షలు చూసే పాథాలజిస్టు లాంటివాళ్ళు. వీళ్ళ ఫీజు ఆస్పత్రి బిల్లులో కలపాలా, విడిగా ఉంచాలా? ఇల్లినాయ్ సెనేటర్ పాల్ డగ్లస్ కలపాలన్నాడు. ఆయన సవరణ సెనేట్‌లో నెగ్గింది కూడా. కానీ రెండు సభల బిల్లుల్నీ కలిపి కూర్చే సమయంలో ప్రతినిధుల సభ తరఫున విల్బర్ మిల్స్ పట్టుబట్టి దాన్ని తీయించేశాడు. డాక్టర్ల సంఘం కోరింది కూడా అదే. అలా ఆస్పత్రిలో ఉండే డాక్టరు కూడా విడిగా బిల్లు వేసే పద్ధతి చట్టంలో స్థిరపడింది.

గమనించాల్సిందేమిటంటే, ఆ చర్చలో ఎమర్జెన్సీ డాక్టర్ల ఊసే లేదు. ఎందుకంటే అప్పటికి అలాంటి వైద్య శాఖే లేదు! ఎమర్జెన్సీ రూమ్ అంటే నిజంగానే ఒక గది. అక్కడ ఆ పూట ఎవరి వంతయితే వాళ్ళు, చర్మవ్యాధుల డాక్టరైనా సరే, కొత్తగా చేరిన కుర్ర డాక్టరైనా సరే, ఉండేవాళ్ళు. 1961లో వర్జీనియాలోని అలెగ్జాండ్రియా ఆస్పత్రిలో జేమ్స్ మిల్స్ అనే డాక్టరు, ఇంకో ముగ్గురు కలిసి తమ సొంత ప్రాక్టీసు మానేసి పూర్తికాలం ఎమర్జెన్సీలోనే పనిచెయ్యడం మొదలెట్టారు. 1968లో మిషిగన్‌లో ఎనిమిదిమంది కలిసి ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం పెట్టారు. 1970లో సిన్సినాటి యూనివర్సిటీలో ఈ శాఖలో మొదటి శిక్షణ మొదలైంది. ప్రత్యేక వైద్య శాఖగా అధికారిక గుర్తింపు 1979లో వచ్చింది. అంటే వాళ్ళ బిల్లు ఎలా రావాలన్నది, వాళ్ళ శాఖకి గుర్తింపు రావడానికి పద్నాలుగేళ్ళ ముందే నిర్ణయమైపోయిందన్నమాట. మన భాషలో చెప్పాలంటే, ఆ మాడ్యూల్ రాయకముందే దాని ఇంటర్‌ఫేస్ ఖరారు చేసేశారు.

ఎమర్జెన్సీ డాక్టర్లు చాలాచోట్ల ఆస్పత్రి ఉద్యోగులుగా కాకుండా, ఆస్పత్రితో కాంట్రాక్టు చేసుకున్న బృందాలుగా ఎదిగారు. మనం క్లయింటు ఆఫీసులో కూర్చుని పనిచేసినా జీతం వేరే కంపెనీ ఇచ్చినట్టే. మనకిది కొత్తగా చెప్పక్కర్లేదు కదా. ఆ బృందాలు పెద్దవై, చివరికి పెట్టుబడి సంస్థల చేతుల్లోకి వెళ్ళాయి. టీమ్‌హెల్త్‌ని 2017లో బ్లాక్‌స్టోన్, ఎన్విజన్‌ని 2018లో కేకేఆర్ కొన్నాయి. ఎన్విజన్ 2023లో దివాలా పిటిషన్ వేసింది.

సరే, ఇప్పుడు ఆ రాత్రి నేను వెతికిన 'పార్టిసిపేటింగ్' అనే మాట సంగతి చూద్దాం. మొదట్లో డాక్టరు ప్రతి బిల్లుకీ విడివిడిగా నిర్ణయించుకోవచ్చు. మెడికేర్ నిర్ణయించిన ధరకే ఒప్పుకోవచ్చు (దీన్నే అసైన్‌మెంట్ అంటారు), లేదా తనకి నచ్చినంత రాసి తేడా రోగి దగ్గర వసూలు చేసుకోవచ్చు. పండక్కి ఊరెళ్ళేటప్పుడు ఆటోవాడు మీటరు వేస్తాడో బేరమాడతాడో తెలియనట్టే ఉండేది రోగుల పరిస్థితి. 1984లో ఒక చట్టం తెచ్చి, ఏడాది పొడుగునా అన్ని బిల్లులకీ మెడికేర్ ధరే తీసుకుంటానని సంతకం పెట్టిన డాక్టర్లకి 'పార్టిసిపేటింగ్' అని పేరు పెట్టారు. వాళ్ళ పేర్లతో డైరెక్టరీలు అచ్చువేసి పంచారు. మొదట సంతకం పెట్టినవాళ్ళు దాదాపు 30 శాతమే. తర్వాత 1989 చట్టం ఇంకో మేకు కొట్టింది. సంతకం పెట్టని డాక్టరు కూడా ఇష్టమొచ్చినంత రాయకుండా గరిష్ఠ పరిమితి పెట్టింది. అది 1991లో మొదలై 1993 నాటికి 115 శాతానికి వచ్చి ఆగింది.

పెదనాన్న లెక్కల మాస్టారు కాబట్టి ఆయనకి ఇలా చెప్పాను. ఒక సేవకి మెడికేర్ ధర 100 డాలర్లు అనుకుందాం. ఆ ఏడాది డిడక్టిబుల్ కట్టేశారనుకుందాం. పార్టిసిపేటింగ్ డాక్టరైతే మెడికేర్ 80 ఇస్తుంది, మీరు 20 ఇస్తారు. అంతే. పార్టిసిపేటింగ్ కాని డాక్టరైతే అతనికి ధర 95కి తగ్గుతుంది. అతను ఎక్కువలో ఎక్కువ ఆ 95 మీద 115 శాతం, అంటే 109.25 డాలర్లు రాయొచ్చు. మెడికేర్ 76 ఇస్తుంది, మిగిలిన 33.25 మీది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "అంటే తేడా పదమూడుంపావలా. దీనికా నేను ఆ రాత్రి అంత రభస చేసింది!" అన్నారు.

అసలు మెడికేరే వద్దని పూర్తిగా బయటికెళ్ళిన డాక్టర్లుంటారు కదా అని మీరడగొచ్చు. ఉంటారు. 1997 చట్టం ఆ దారి తెరిచింది. రోగితో ముందే ప్రైవేటు ఒప్పందం రాయించుకుని తనకి నచ్చినంత తీసుకోవచ్చు. ఇలాంటివాళ్ళు డాక్టర్లందరిలో నూటికి ఒక్కరి దగ్గర్లో ఉంటారు, ఎమర్జెన్సీ శాఖలో ఇంకా చాలా అరుదు. పైగా ఆ నిబంధనల్లోనే ఎమర్జెన్సీకి మినహాయింపుంది. అత్యవసర స్థితిలో ఉన్న రోగి చేత అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టించుకోకూడదు. ముందు ఒప్పందం లేని రోగికి ఎమర్జెన్సీలో వైద్యం చేస్తే, బయటికెళ్ళిన డాక్టరైనా మెడికేర్‌కే బిల్లు పంపాలి, ఆ గరిష్ఠ పరిమితి దాటకూడదు. అంటే పెదనాన్న భయపడ్డ ఆ 'ఎవడో' నిజంగా ఎదురైనా, ఆ వేల డాలర్ల బిల్లు రావడానికి చట్టంలో దారి లేదు.

మరి అన్నయ్య స్నేహితుడికి వచ్చిన బిల్లు? అది అబద్ధం కాదు. కానీ అది మెడికేర్ కథ కాదు, మనలాంటి ఉద్యోగులకి కంపెనీ ఇచ్చే ప్రైవేటు ఇన్సూరెన్సు కథ. అక్కడ ఈ 115 శాతం లాంటి అడ్డుకట్ట ఏదీ లేదు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక లెక్క వేశారు. ఇన్సూరెన్సు నెట్‌వర్క్‌లో ఉన్న ఆస్పత్రి ఎమర్జెన్సీకే వెళ్ళినా, 22 శాతం సందర్భాల్లో చూసిన డాక్టరు నెట్‌వర్క్ బయటివాడని తేలింది. 1965లో పడిన ఆ చీలికే ఇక్కడా కనిపిస్తుంది: గోడలు ఒకరివి, డాక్టరు ఇంకొకరి మనిషి. దీనికి మందు నో సర్‌ప్రైజెస్ చట్టం. 2020 డిసెంబర్ 27న సంతకమై, 2022 జనవరి 1 నుంచి అమలైంది. ఇప్పుడు ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి డాక్టరు చూసినా మన వాటా నెట్‌వర్క్ లెక్కనే కట్టాలి, మిగతాది వాళ్ళూ ఇన్సూరెన్సు కంపెనీ తేల్చుకోవాలి. ఒక్క లోటు, రోడ్డు మీద వెళ్ళే అంబులెన్సుని ఆ చట్టంలో చేర్చలేదు. మెడికేర్ వాళ్ళకి ఆ బాధ కూడా లేదు, అంబులెన్సులు మెడికేర్ ధరకే ఒప్పుకోవాలని 2002 నుంచే నియమముంది.

ఇక రీగన్ గారి దగ్గరకొద్దాం. 1980ల్లో ఇక్కడ ఇంకో ఘోరం జరిగేది. ఇన్సూరెన్సు లేని రోగి ఎమర్జెన్సీకి వస్తే ప్రైవేటు ఆస్పత్రులు అంబులెన్సెక్కించి ఊళ్ళోని పెద్దాసుపత్రికి తోలేసేవి. షికాగోలోని కుక్ కౌంటీ ఆస్పత్రి డాక్టర్లు అలా వచ్చిన 467 మంది వివరాలు 1986లో ప్రచురించారు. 87 శాతం మందిని పంపించడానికి కారణం సరైన ఇన్సూరెన్సు లేకపోవడమే. దాదాపు నాలుగో వంతు మంది ప్రమాదకర స్థితిలో చేరారు. ఆ ఏడాదే ఏప్రిల్ 7న కోబ్రా అనే చట్టం మీద ప్రెసిడెంట్ రీగన్ సంతకం పెట్టాడు. అవును, ఉద్యోగం పోయినప్పుడు హెచ్‌ఆర్ వాళ్ళు చేతిలో పెట్టే కోబ్రా కాగితం పేరు ఆ చట్టానిదే. అందులోనే ఎమ్‌టాలా అనే ఇంకో భాగం ఉంది. మెడికేర్ డబ్బు తీసుకునే ఏ ఆస్పత్రి అయినా, దానికి ఎమర్జెన్సీ విభాగం ఉంటే, తలుపు తీసుకుని వచ్చిన ప్రతి మనిషినీ పరీక్షించాలి, ప్రాణాపాయముంటే స్థిమితపడేదాకా వైద్యం చెయ్యాలి. ఇన్సూరెన్సు ఉందా అని అడగడం కోసం ఆలస్యం చెయ్యకూడదు. ఇరవై ఐదేళ్ళ కిందట ప్రభుత్వ బీమా వద్దని రికార్డు చేసిన మనిషే, ఆ బీమా డబ్బుని ఆధారం చేసుకుని ఆస్పత్రుల మెడలు వంచే చట్టం మీద సంతకం పెట్టడం చరిత్రలో తమాషా.

ఇదంతా చదివాక నాకర్థమైంది ఇదీ. 'పార్టిసిపేటింగ్ డాక్టరు' అనే జాబితా తీరిక ఉన్న రోగి కోసం తయారైంది. మోకాలి నొప్పికో, షుగర్ చెకప్‌కో డాక్టర్ని ఎంచుకునేటప్పుడు అది తప్పకుండా చూడాలి. గుండె పట్టుకుని కూర్చున్న మనిషికి అది పనికిరాదు. ఆ సంగతి చట్టం కూడా నెమ్మదిగా, ఒక్కో అతుకూ వేసుకుంటూ ఒప్పుకుంది. 1986లో ఆస్పత్రి మీద బాధ్యత పెట్టింది, 1989లో ఫీజుకి కట్టడి పెట్టింది, 1997లో బయటికెళ్ళిన డాక్టర్ని కూడా ఎమర్జెన్సీలో కట్టేసింది, 2020లో మన ప్రైవేటు ఇన్సూరెన్సుకీ ఆ రక్షణ తెచ్చింది. వెతకాల్సిన పని రోగి మీద నుంచి తీసేశారు. ఆ ముక్క పెదనాన్నకి ఎవరూ చెప్పలేదు, నాకూ తెలీదు.

మన రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఈ చిక్కు పుట్టనే లేదు. అక్కడ ఒప్పందం ఆస్పత్రితోనే. ఒక జబ్బుకి ఒక ప్యాకేజీ, అందులోనే మంచం, మందులు, డాక్టరు. ఆపరేషన్ చేసింది ఎవరన్నది రోగికి అనవసరం, ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్తే చాలు. డగ్లస్ సెనేటర్ అడిగింది ఇంచుమించు అదే మరి. అలాగని అంతా సవ్యంగా ఉందని కాదు. బకాయిలు రాలేదని ఆస్పత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు మనం పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

మెడికేర్ కూడా ఊరికే రాదు. పెదనాన్నని ఆ రాత్రి అడ్మిట్ చేశారు కాబట్టి 2025 లెక్కన ఆస్పత్రి డిడక్టిబుల్ 1,676 డాలర్లు పడింది. ఎమర్జెన్సీ డాక్టరు, గుండె డాక్టరు విడివిడిగా పంపిన బిల్లుల్లో 20 శాతం వాటా పడింది. మెడికేర్ వాళ్ళు పంపిన కాగితాలన్నీ ఆయన తేదీలవారీగా పేర్చి, కూడికలు సరిచూసి, ఎమర్జెన్సీ డాక్టరు పేరు పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టారు. మెడికేర్ ధరే తీసుకున్నాడు. ఆ పేరు నేను వెతికిన జాబితాలో ఉందో లేదో నేను చూడలేదు.

చివరిగా, ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పండి. మీ వాళ్ళకి మెడికేర్ ఉంటే, ఎమర్జెన్సీలో డాక్టరు పేరు వెతకొద్దు, 911కి ఫోన్ చెయ్యమనండి. ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లానైనా, ఎమర్జెన్సీకి నెట్‌వర్క్ చూడక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి మెడికేర్ రాదు, అయినా ఎమ్‌టాలా ప్రకారం వాళ్ళని చూడకుండా పంపించకూడదు. బిల్లు మాత్రం వస్తుంది, కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్సు కాగితంలో పాత జబ్బుల సంగతి విమానం ఎక్కకముందే చదవండి. మెడికేర్ ఉన్న పెద్దవాళ్ళు ఆర్నెల్లు ఊళ్ళో ఉండొస్తామంటే, ఆ కార్డు హైదరాబాదులో చెల్లదని గుర్తుచేసి అక్కడికి వేరే ఏర్పాటు చెయ్యండి.

పెద్దమ్మ ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. తెలుగులో, పెద్దక్షరాలతో: "ముందు 911. తర్వాతే వీడికి ఫోన్." వీడు అంటే నేనే.